మోగని ఆకుపచ్చ గిన్నె

నా కుడిచేతి మధ్యవేలు కణుపు వాచి చాలా కాలమైంది. మొన్న డాక్టరు దాన్ని అటూ ఇటూ నొక్కి చూసి, "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగాడు. "కప్పులు కొడతాను" అన్నాను. ఆయన నా ముఖం వంక వింతగా చూశాడు. విడమరిచి చెప్పే ఓపిక లేక, దుకాణం ఉందని మాత్రం చెప్పి ఊరుకున్నాను. వేలికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. వేలికి విశ్రాంతి ఇస్తే దుకాణానికీ ఇచ్చినట్టే.

నిజామాబాద్ బజారులో మాది పింగాణీ సామాను దుకాణం. కప్పులు, సాసర్లు, ప్లేట్లు, ఊరగాయ జాడీలు అమ్ముతాం. మా మామ పెట్టిన దుకాణం అది. ఆయనకు ఒక నియమం ఉండేది. గిరాకీ ఎదుటే ప్రతి వస్తువునూ ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో అంచు కింద ఒక్కటి కొట్టాలి. ఖంగుమంటే కాగితం చుట్టి ఇవ్వాలి. టప్పుమంటే పక్కనున్న గోనెసంచిలో పడెయ్యాలి. "మోగనిది మన గడప దాటొద్దు బిడ్డా" అనేవాడు. కంటికి కనబడని పగులు కూడా చప్పుడులో దొరుకుతుందని ఆయన నమ్మకం. నేను కూడా అలాగే నమ్మాను.

ఆయన కొడుక్కి, అంటే మా ఆయనకు, ఈ విద్య అబ్బలేదు. ఆయన చేతిలో పడితే ఇనుప మూకుడుకైనా ఆయుష్షు ఉండదు. బస్సు కండక్టరుగా చేరి తాను బతికిపోయాడు, కప్పుల్ని బతికించాడు. అట్లా దుకాణం కోడలి మెడకు చుట్టుకుంది. మా పుట్టిల్లు బోధన్ పక్కన. బాపుది చెరుకు తోట. గడను కణుపు దగ్గర విరిచి, నోట్లో పెట్టుకోకుండానే తీపి ఎంతో చెప్పేవాడు. చేతికి తెలిసిన సంగతి ఇంకొకరిని అడగనక్కర్లేదని ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. మామ దగ్గర ఆరు నెలలు కూర్చునేసరికి నా చెవి ఆయన చెవి కంటే పదునెక్కింది. ఆ మాట ఆయనే నలుగురిలో అన్నాడు. అప్పుడు నాకు కలిగిన గర్వం ఇంకా పూర్తిగా దిగలేదు.

ఎండాకాలం వచ్చిందంటే మాక్లూర్, బాల్కొండ దిక్కు నుంచి కూడా ఆడవాళ్లు ఇంట్లోని పాత జాడీలను చీరల్లో చుట్టుకొని వస్తారు. తొక్కు పెట్టే ముందు నాతో కొట్టించుకొని పోతారు. జాడీలో పగులుంటే నూనె కారిపోయి తొక్కు బూజు పడుతుంది, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. నేను బాగుందంటే బాగున్నట్టు, పోయిందంటే పోయినట్టు. నా మాట మీద ఎన్ని జాడీలు పెంటకుప్పల పాలయ్యాయో నేను లెక్క పెట్టుకోలేదు.

ఇప్పుడు ఆ గిరాకీ కూడా పలచబడింది. ఫంక్షన్ హాళ్లలో కాగితపు ప్లేట్లు, ఇళ్లలో ఫైబర్ ప్లేట్లు. ఫైబర్ ప్లేటును కొడితే ఏమీ పలకదు, కింద పడినా ఏమీ పలకదు. అవి కూడా అమ్ముతున్నాను మరి, అమ్మకపోతే ఎట్లా. పొద్దున షట్టర్ ఎత్తుతుంటేనే భుజాలు గుంజుతాయి. మధ్యాహ్నానికి మనుషులతో మాట్లాడాలంటే విసుగు. ఇదంతా నా తప్పుకు సాకుగా చెప్పడం లేదు. ఆ రోజు కూడా అలాగే ఉన్నానని చెబుతున్నాను.

అది పెళ్లిళ్ల రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం. దుకాణం నిండా జనం. జక్రాన్‌పల్లి నుంచి ఒకామె వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది, బొట్టు లేదు. అందరూ పోయేదాకా ఓ మూల స్టూలు మీద ఓపికగా కూర్చుంది. తర్వాత సంచిలోంచి తువ్వాలలో చుట్టిన ఒక గిన్నె తీసి నా ముందు పెట్టింది.

"సెల్లె, జర దీన్ని కొట్టి సూడు. మా దిక్కు అందరు నీ పేరే సెప్పిండ్రు."

రెండు దోసిళ్ల బియ్యం పట్టేంత గిన్నె. పొట్టు పెసరపప్పు కడిగిన నీళ్ల రంగు. లోపలా బయటా సన్నని గీతలు వల పరిచినట్టు అల్లుకొని ఉన్నాయి. బరువుగా, చల్లగా ఉంది. అట్లాంటి సరుకు నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. చూడలేదన్న సంగతి నాకు ఆ క్షణాన తట్టనే లేదు.

"ఎక్కడిది అక్కా?" అన్నాను.

"థాయిలాండుది. మా ఆయన తెచ్చిండు."

వాళ్లకు ఎరువుల దుకాణం ఉందట. ఒక ఏడాది బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు డీలర్లందరినీ థాయిలాండ్ తీసుకుపోయారట. పోయినవాళ్లు గడియారాలు, సెంటు సీసాలు, మెత్తటి దుప్పట్లు తెచ్చుకున్నారు. ఈయన మాత్రం ఈ ఒక్క గిన్నెను అంగీల్లో చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. వాళ్లను ఉత్తరాన ఒక ఊరికి తీసుకుపోతే అక్కడ ఈ గిన్నెలు చేసే చోటు చూశాడట. కట్టెల బూడిద, వరిపొలం మట్టి కలిపి జల్లెడ పట్టి, ఆ నీళ్లలో గిన్నెను ముంచి కాలుస్తారని, రంగు డబ్బాలోంచి రాదని, మట్టిలోంచే వస్తుందని ఇంటికొచ్చి సంబరంగా చెప్పాడట. జీవితమంతా పొలం మట్టితో బతికినవాడికి అది అద్భుతంగా తోచి ఉంటుంది.

"ఇంకోటి సుత సెప్పిండు. బట్టీలకెల్లి బయటికి తీసినంక మస్తుసేపు టింగు టింగుమంటనే ఉంటయంట. 'గిన్నెలు మాట్లాడుకుంటున్నయే' అన్నడు. ఆ రోజు ఇంటి నిండ సుట్టాలున్నరు. 'ఇంతమందిల పగిలిన గిన్నె నీకే అంటగట్టిండ్రు' అన్న నేను. అందరు పడి పడి నవ్విండ్రు. 'పగల్లేదే, గట్లనే చేస్తరు' అన్నడు. ఎంత జెప్పితే అంత నవ్విండ్రు. నేను సుత నవ్విన."

ఆ తర్వాత ఆయన ఇంటికి ఏ వస్తువూ కొనుక్కు రాలేదట. బజారుకు పోయినా వట్టి చేతులతోనే వచ్చేవాడట. బిడ్డకు గాజులు కావాలన్నా, "నువ్వే కొను, నాకు తెల్వదు" అనేవాడట. కోపం చూపలేదు, గొడవ పడలేదు. అలా చాలా ఏళ్లు గడిచాయి. పోయినేడు గుండె ఆగి పోయాడు.

"ఆయన గట్లనే చేస్తరన్నడు. నేను పగిలిందన్న. ఎవలది నిజమో నువ్వు సెప్పు సెల్లె. గది తెల్వక నాకు నిద్ర వడ్తలేదు."

అంత మాట విన్నాక ఎవరైనా గిన్నెను వెలుతురులో పెట్టి చూస్తారు, తిప్పి చూస్తారు, ఇంకొకరిని అడుగుతారు. నేను ఎడమ అరచేతిలో నిలబెట్టి ఒక్కటి కొట్టాను. టప్పుమంది. ఇంకొకటి కొట్టాను. మళ్లీ అదే.

"పోయింది అక్కా. మొత్తం పగిలింది."

"నీళ్లు పోస్తే కారుతలేదు మరి."

"ఇయ్యాల కారకపోతే రేపు కారుతది."

"గా బూడిద, పొలం మట్టి..."

"అమ్మేటోడు ఏదన్న చెప్తడు. మోగలేదంటే పగిలినట్టే. మీ ఆయనను మోసం చేసిండ్రు. గిసొంటిది ఇంట్ల ఉంచుకోకు."

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమె కాసేపు గిన్నె వంక చూసింది. తర్వాత దీర్ఘంగా ఊపిరి వదిలింది. నీళ్లు అడిగి గ్లాసెడూ తాగింది. "అయితే నేనన్నదే నిజం" అంది, నాతో కాదు, తనలో తాను. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, "నీ కడుపు సల్లగుండ" అని దీవించింది. ఆ పూట నా అలసట కొంత తగ్గినట్టనిపించింది. ఒక మనిషికి ఏళ్ల నాటి సందేహం తీర్చానని సాయంత్రం మా ఆయనతో గొప్పగా చెప్పాను.

తొలకరి పడ్డాక హైదరాబాద్ హోల్‌సేల్ వ్యాపారి దగ్గర నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. కొత్త సరుకు, నమూనాకు ఆరు కప్పులు పంపాడు. విప్పి చూస్తే అదే పచ్చ, అవే గీతలు. ఒక్కొక్కటే కొట్టాను. ఆరింటికి ఆరూ టప్పుమన్నాయి. నాకు ఒళ్లు మండింది. దారిలో పగలగొట్టి నా నెత్తిన రుద్దుతున్నాడనుకొని, పెట్టె చంకన పెట్టుకొని గల్లీ చివరి చాచా దుకాణానికి పోయాను. చాచా వాళ్లు మూడు తరాలుగా కప్పుల వ్యాపారంలో ఉన్నారు. మా మామకు దోస్తు. ఫోన్లో కొట్లాడే ముందు ఒక పెద్దమనిషి సాక్ష్యం ఉంటే మంచిదనుకున్నాను.

చాచా కప్పును కొట్టలేదు. కళ్లద్దాలు పెట్టుకొని వెలుతురు దిక్కు తిప్పి చూశాడు.

"ఇది పగులు కాదు బేటీ. పగులైతే ఇటు నుంచి అటు దాకా పోతది. నువ్వు లోపలి గీత మీద వేలు పెట్టు, బయటి దిక్కు అదే జాగాల గీత ఉన్నదా చూడు."

వేలు పెట్టి చూశాను. లోపలి గీత ఒక దారిన పోతోంది, బయటి గీత ఇంకో దారిన పోతోంది. రెండింటికీ సంబంధమే లేదు.

"మట్టి మంచిగనే ఉన్నది. పైన గాజుపూత ఒక్కటే చల్లారేటప్పుడు గుంజుకుంటది. అందుకే ఇట్ల విడుస్తది. థాయిలాండోళ్లు కావాలనే చేస్తరు. పూత నిండ గీతలున్నయంటే ఖణఖణ ఎట్ల మోగుతది?" అన్నాడు. నవ్వుతూ, "మీ మామ ఉంటే ఈ ఆరు కప్పులు గూడ సంచిలనే వేస్తుండె" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. పెట్టె అడుగున ఒక రంగుల కాగితం ఉంది. ఇంగ్లీషులో ఉన్న రాతలు నాకు చదవరావు గానీ బొమ్మలు ఎవరికైనా అర్థమవుతాయి. ఒక బొమ్మలో మోకాళ్ల లోతు వరిమడిలోంచి ఒక ముసలాయన తట్టలోకి మట్టి ఎత్తుతున్నాడు. ఇంకో బొమ్మలో ఒకామె బూడిద జల్లెడ పడుతోంది. మూడో దాంట్లో పచ్చటి గిన్నెలు బట్టీలోంచి బయటికి వస్తున్నాయి. జక్రాన్‌పల్లి ఎరువుల దుకాణం మనిషి తన ఇంట్లో చుట్టాల ముందు నిలబడి చెప్పింది అక్షరం పొల్లుపోకుండా ఆ కాగితంలో ఉంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. వెంటనే బస్సెక్కి పోయానని రాస్తే బాగుంటుంది. పోలేదు. మొదటి వారం గిరాకీ ఉందన్నాను. రెండో వారం వాన అన్నాను. మూడో వారం మోకాళ్ల నొప్పులన్నాను. అసలు సంగతి సిగ్గు. పింగాణీ కొట్టి చెప్పే మనిషిగా బతికాను, ఆ పేరు కూడా పోతే నా దగ్గర మిగిలేది ఫైబర్ ప్లేట్లే. కానీ పగలు ఏ కప్పును కొట్టినా ముందు ఆ టప్పుమన్న చప్పుడే చెవిలో పడేది. చివరికి ఒక మంగళవారం దుకాణం మూసి, జక్రాన్‌పల్లి మీదుగా పోయే ఆర్మూర్ బస్సెక్కాను.

జక్రాన్‌పల్లిలో ఎరువుల దుకాణం అడగగానే చూపించారు. నాట్ల రోజులు కదా, ముందు ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. లోపల ఆమె అల్లుడు కూర్చున్నాడు. ఇల్లు దుకాణం వెనకే.

నన్ను చూసి అక్క ముఖం విప్పారింది. "అయ్యో సెల్లె, గింత దూరం వచ్చినవా" అని కుర్చీ తుడిచి వేసింది. చాయ్ పెట్టింది. మనిషి తేరుకుంది. నా దుకాణంలో కూర్చున్నప్పటి ఆ నలిగిన ముఖం కాదు.

"నువ్వు సెప్పిన రోజు కెల్లి మంచిగ నిద్ర వడ్తున్నది. గన్నేండ్లు లోపల లోపల కుమిలిన. తప్పు నాదేమో, ఆయన మనసు ఊరికే ఇరగ్గొట్టిన్నేమో అని. నాది తప్పు కాదని తెల్సినంక పాణం తేలికైంది."

చెప్పొద్దనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. బతికున్న మనిషి నిద్రపోతోంది, చనిపోయిన మనిషికి ఇక ఏం కావాలి? చూసి పోదామని వచ్చానని చెప్పి, చాయ్ తాగి, తిరుగు బస్సెక్కితే సరిపోతుంది. మోకాళ్లు కూడా అదే కోరుకుంటున్నాయి.

"గిన్నె ఏం చేసినవ్ అక్కా?" అని మాత్రం అడిగాను.

"ఇంట్ల ఉంచొద్దన్నవ్ గద. పారెయ్యబుద్ది గాక కోళ్లకు పెట్టిన."

పెరట్లో గోడ పక్కన ఉంది గిన్నె. రెండు కోళ్లు అందులో నీళ్లు తాగుతున్నాయి. గీతల్లోకి మురికి దిగి నల్లబడింది. చుక్క కూడా కారడం లేదు.

అక్క నవ్వుతూ అంది. "మనుమరాలు అడిగింది, గీ గిన్నె ఎక్కడిదని. మీ తాత తెలివి తక్కువోడే, సముద్రం దాటి పోయి పగిలిన గిన్నె కొనుక్కొచ్చిండని సెప్పిన. అది ఒకటే నవ్వు. రోజు గదే కథ సెప్పుమంటది. పాపం, ఎవడు ఏది సెప్తే గది నమ్మెటోడు."

ఆ మాటతో ఇక కూర్చోలేకపోయాను. ఆయన బతికుండగా ఒకసారి నవ్వారు. ఇప్పుడు నా మాట పట్టుకొని రోజూ నవ్వుతున్నారు. గట్లనే చేస్తరు అని చెప్పుకోవడానికి ఆయన లేడు. ఉన్నదాన్ని నేను ఒక్కదాన్నే.

చెప్పేశాను. నీళ్లు నమలకుండా చెప్పాను. గిన్నె పగల్లేదని, వాళ్లు అట్లాగే చేస్తారని, పొలం మట్టి, బూడిద అంతా నిజమేనని. కోళ్లను తోలి, గిన్నె ఎత్తి, నీళ్లు పారబోసి, లోపలి గీతకూ బయటి గీతకూ పొత్తు లేదని వేలు పెట్టి చూపించాను. సంచిలోంచి ఆ రంగుల కాగితం తీసి ముందు పెట్టాను. వరిమడిలో మట్టి ఎత్తే ముసలాయన బొమ్మను ఆమె చాలాసేపు చూసింది.

"మరి ఆ రోజు గట్లెందుకన్నవ్?"

"నాకు తెల్వదు అక్కా. తెల్వదని చెప్పుడు నాకు చేతగాలే."

ఆమె ముఖం చూస్తుండగానే ముడుచుకుపోయింది. తర్వాత కోపం వచ్చింది. రావాల్సిందే.

"నిన్నెవలు సెప్పుమన్నరు? ఇప్పుడెందుకొచ్చినవ్? ఆయన ఉన్నప్పుడు గీ మాట సెప్పెటోళ్లు ఒక్కలు లేకపాయె. ఇప్పుడు సెప్తే నేను ఎవలి కాళ్లు వట్టుకోవాలె?"

తిట్టినన్ని తిట్లు పడ్డాను. ఆమె గిన్నెను నా చేతిలోంచి లాక్కొని కుళాయి దగ్గర కూర్చుంది. పీచు పెట్టి రుద్దింది. ఎంత రుద్దినా గీతల్లో నలుపు పోలేదు. రుద్దడం ఆపి, తడి గిన్నెను కొంగుతో తుడుచుకుంటూ, "దా" అంది.

ముందు గదిలోకి తీసుకుపోయింది. గోడ మీద ఆయన ఫోటో ఉంది. తెల్ల అంగీ, జేబులో పెన్ను, కెమెరా ముందు బిగుసుకుపోయిన మామూలు మనిషి. అక్క గిన్నెను ఫోటో కింద బల్ల మీద పెట్టింది. నన్ను భుజం పట్టి ముందుకు నెట్టింది. తాను నా వెనకే నిలబడింది.

"నాకు సెప్పిన మాట ఆయనకు సెప్పు. నాకు నోరు వస్తలేదు."

పరాయి ఇంట్లో, ఎన్నడూ చూడని మనిషి ఫోటో ముందు నిలబడి మాట్లాడటం ఎవరికైనా వింతగానే ఉంటుంది. మా బజారులో అయితే పిచ్చిదాన్నని నవ్వేవాళ్లు. కానీ ఆ గదిలో నాకు అది వింత అనిపించలేదు. చేతులు జోడించాను.

"అన్నా, నిన్ను ఎవలు మోసం చెయ్యలే. నువ్వు తెచ్చిన గిన్నె మంచిది. నువ్వు చెప్పిందే నిజం. పగిలిందన్నది నేను. తప్పు నాది" అన్నాను.

వెనక అక్క ఊపిరి వినిపిస్తోంది. ఆమె నా కొంగు వెనక నుంచి చిన్నగా లాగింది.

"నాది సుత అని సెప్పు సెల్లె."